కబురు వేగం, పేరు భద్రం



2020 డిసెంబరు మొదటి వారం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కరోనా భయం ఇంకా పూర్తిగా వదలని రోజులు. ఏలూరు వన్ టౌన్ ప్రాంతంలో ఉన్నట్టుండి మనుషులు పడిపోవడం మొదలైంది. మూర్ఛ, నోట్లో నురగ, తలనొప్పి, వాంతులు. కొందరు కాసేపటికే తేరుకున్నారు. పిల్లలు, పెద్దలు, ఆడ, మగ అన్న తేడా లేదు. ప్రభుత్వాసుపత్రి వార్డులు చూస్తుండగానే నిండిపోయాయి. వారం తిరిగేసరికి బాధితుల సంఖ్య సుమారు ఆరు వందలకు చేరింది. ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు.

కరోనా ఏమోనని పరీక్షలు చేశారు, కాదని తేలింది. మరి నీళ్లా, పాలా, కూరగాయలా, దోమల కోసం కొట్టిన మందా? ఎవరి అనుమానం వారిది. రక్తం నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కు వెళ్లాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ, పుణెలోని వైరాలజీ సంస్థ, నాగపూర్‌లోని నీరీ, ఇలా ఒక్కో సంస్థ ఒక్కో కోణం నుంచి పరీక్షకు దిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతినిధులూ వచ్చారు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఎక్కువగా ఉన్నాయని ఎయిమ్స్ ప్రాథమిక నివేదిక చెప్పింది. ఆ తర్వాత నిపుణుల చూపు పురుగుమందుల అవశేషాల వైపు మళ్లింది.

ఇలాంటి ఘట్టంలో ఏం కావాలో ఆలోచించండి. రక్తం ఒక ఊళ్లో పరీక్షిస్తారు, నీళ్లు ఇంకో ఊళ్లో, కూరగాయలు మరో ఊళ్లో. ఎవరి రక్తంలో సీసం కనిపించిందో వాళ్లింటి కుళాయి నీళ్లలో ఏముంది, వాళ్లు ముందురోజు ఏ బజార్లో కూర కొన్నారు? ఈ మూడు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ కారణం చిక్కదు. ఒక్కో ముక్క ఒక్కో సంస్థ కంప్యూటర్లో ఉంటే, ఎంత గొప్ప శాస్త్రవేత్త అయినా చేయగలిగింది తక్కువ. అలాగని ఆ ఆరువందల మంది పేర్లు, ఇళ్ల నంబర్లు, జబ్బుల చరిత్ర అందరి ఫోన్లలోకీ ఎక్కితే అదీ అన్యాయమే. ప్రజారోగ్య సంస్థలు ఒకదానికొకటి సమాచారం ఎప్పటికప్పుడు ఎలా అందించుకోవాలి, అందిస్తూనే రోగి గుట్టు ఎలా కాపాడాలి అన్నదే ఈనాటి ప్రసంగం.

మన దేశానికి ఈ పాఠం మొదట గట్టిగా నేర్పింది సూరత్ నగరం. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు అన్న మాట పుట్టింది. లక్షల మంది రైళ్లెక్కి, బస్సులెక్కి ఊరు విడిచిపోయారు. కొన్ని దేశాలు మనకు విమానాలు ఆపేశాయి, మన సరుకు వద్దన్నాయి. జబ్బు చేసిన నష్టం కంటే, జబ్బు గురించి ఎవరికీ సరైన సమాచారం లేకపోవడం చేసిన నష్టమే పెద్దది. ఆ దెబ్బతో 1997లో అంటువ్యాధుల మీద నిఘాకు ఒక జాతీయ కార్యక్రమం మొదలైంది. 2004 నవంబరులో దాని స్థానంలో ఐడీఎస్‌పీ, అంటే సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం వచ్చింది.

ఐడీఎస్‌పీలో మూడు ఫారాలు ఉండేవి. సబ్ సెంటర్లో ఏఎన్ఎం లక్షణాలు చూసి నింపేది ఎస్ ఫారం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు పరీక్షించి, ఫలానా జబ్బు కావచ్చు అని నింపేది పీ ఫారం. ల్యాబ్‌లో తేలినవాటితో నింపేది ఎల్ ఫారం. సోమవారం నుంచి ఆదివారం దాకా వారం లెక్క కట్టి జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్రానికి, ఢిల్లీకి పంపేవారు. పద్ధతి మంచిదే. వచ్చిన చిక్కల్లా ఆ వారం గడువుతోనే. డెంగీ దోమ గుడ్డులోంచి వచ్చి రెక్కలు తొడగడానికి మన వేడిలో వారం పదిరోజులు చాలు. కలరా క్రిమి కడుపులో పడ్డాక కొన్ని గంటల నుంచి అయిదు రోజుల లోపు జబ్బు బయటపడుతుంది. మన కాగితం పైమెట్టు చేరే లోపల ఊళ్లో కొత్త దోమల పంట ఒకటి ఎగిరిపోయేది, కలరా ఇంకో వీధికి పాకేది.

అందుకే ఐహెచ్ఐపీ అనే కొత్త వేదిక వచ్చింది. 2018 నవంబరులో ఏడు రాష్ట్రాల్లో దాన్ని మొదలుపెట్టారు. ఆ ఏడింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో దేశమంతటికీ విస్తరించారు. పాత పద్ధతిలో 18 జబ్బుల మీద నిఘా ఉండేది, ఇందులో 33 జబ్బులు చేర్చారు. వారం దాకా ఆగక్కర్లేదు. ఏఎన్ఎం తన ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో ఏ రోజు సంగతి ఆ రోజు ఎక్కిస్తుంది, అది మ్యాప్ మీద చుక్కగా కనిపిస్తుంది.

ఆ చుక్క విలువ ఏమిటో చెబుతాను. ఒక పల్లెలో ఒకే రోజు నలుగురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయనుకోండి. నలుగురూ నాలుగు చోట్లకు వెళ్లారు. ఒకరు పీహెచ్‌సీకి, ఒకరు ఆర్‌ఎంపీ దగ్గరికి, ఒకరు టౌన్లో ప్రైవేటు నర్సింగ్ హోముకు, ఇంకొకరు మెడికల్ షాపులో మాత్ర కొనుక్కొని ఇంటికి. ఎవరికి వారికి అది ఒక్క కేసే. నాలుగూ ఒక మ్యాప్ మీద పడితే, ఆ నాలుగిళ్లూ ఒకే పైపులైను మీద ఉన్నాయని తెలుస్తుంది. ఆ కబురు వెంటనే గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరుకు అందాలి. ఆయన వెళ్లి మురుగుకాలువలోంచి పోతున్న పైపుకు పడ్డ చిల్లు వెతకాలి. కుళాయి చివర నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందో లేదో చూడాలి. గమనించండి, ఆ ఇంజినీరుకు రోగుల పేర్లతో పనిలేదు. వీధి తెలిస్తే చాలు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

జబ్బులకు శాఖలు తెలియవు. విశాఖ మన్యంలో ఆంత్రాక్స్ అప్పుడప్పుడూ తలెత్తుతుంటుంది. చచ్చిన మేకనో పశువునో కోసి వండుకున్నవాళ్ల చేతుల మీద నల్లటి పుండ్లు లేస్తాయి. ఊళ్లో మేకలు వరసగా చస్తున్నాయన్న సంగతి ముందుగా తెలిసేది పశువైద్య సిబ్బందికి. పుండ్లు కనిపించేది పీహెచ్‌సీ డాక్టరుకు. ఈ ఇద్దరూ రెండు వేర్వేరు శాఖల ఉద్యోగులు, వాళ్ల రిజిస్టర్లు వేరు. మేక చచ్చిన రోజే డాక్టరుకు కబురు అందితే మనిషికి పుండు లేచేదాకా ఆగే పని ఉండదు.

జబ్బులకు సరిహద్దులూ తెలియవు. భద్రాచలం ఆసుపత్రికి తెలంగాణ వాళ్లే కాదు, అవతల ఆంధ్రలోని చింతూరు, కూనవరం వైపు వాళ్లూ, ఛత్తీస్‌గఢ్ నుంచి సుక్మా వాళ్లూ వస్తారు. అక్కడ మలేరియా అని తేలిన మనిషి ఊరు ఇంకో రాష్ట్రంలో ఉంటుంది. దోమతెర ఇవ్వాల్సింది, ఇంటి గోడలకు మందు కొట్టాల్సింది ఆ రాష్ట్రం వాళ్లు. ఫలితం ఈ రాష్ట్రం లెక్కలోనే ఉండిపోతే అక్కడి దోమ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

అయితే కంప్యూటర్లు కలిపేస్తే అంతా సజావుగా సాగిపోతుందా? సాగదు. కలవడానికి అడ్డుపడే చిన్నచిన్న సంగతులు చాలా ఉన్నాయి.

మన పేర్లే తీసుకోండి. వెంకట సుబ్బారావు అన్న పేరు ఇంగ్లిషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కలేదు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట చివర, ఇంకోచోట ఒక్క అక్షరం. ఆసుపత్రి చీటీలో ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు. ఆ అయిదారు రికార్డులూ ఒక్క మనిషివా, అయిదారుగురివా అన్నది కంప్యూటరు తేల్చుకోలేదు. ఊళ్ల పేర్లూ అంతే. కొత్తపల్లి అన్న ఊరు రెండు రాష్ట్రాల్లో ఎన్నెన్ని లేవు! అందుకే ప్రతి ఊరికీ ప్రభుత్వం ఇచ్చిన కోడ్ నంబరు వాడాలి. మనకు జిల్లాల చిక్కు అదనం. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. ఇందాక చెప్పిన ఏలూరు ఆనాడు పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం, ఇప్పుడు అదే ఒక జిల్లా. పదేళ్ల డెంగీ లెక్క ఏలూరు జిల్లాకు కావాలంటే, పాత రెండు జిల్లాల పుస్తకాలు తెరిచి మండలాల వారీగా మళ్లీ కట్టాల్సిందే.

లెక్క కట్టే తీరులో తేడా ఇంకో అడ్డంకి. వానాకాలంలో పేపర్లో ఒక సంఖ్య, ప్రభుత్వ ప్రకటనలో ఇంకో సంఖ్య చూసి మీరు విసుక్కునే ఉంటారు. డెంగీకి ప్రైవేటులో ఎక్కువగా చేసేది ర్యాపిడ్ కార్డు పరీక్ష. ప్రభుత్వం ఖాయమైన కేసుగా ఒప్పుకునేది ఎలీసా పరీక్షలో తేలినదాన్నే. కార్డు మీద గీత పడ్డది అనుమానిత కేసు కిందే జమ. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఇద్దరూ వేర్వేరు లెక్కలు చెబుతున్నారు. ముందు కొలబద్ద ఒకటి కాకుండా సమాచారం ఎంత వేగంగా పంపినా లాభం లేదు.

ఇది మనకే పరిమితమైన కష్టం కాదు. 2020 సెప్టెంబరు చివర్లో, కరోనా రెండో విడత ఊపందుకుంటున్న వేళ, ఇంగ్లండులో ఏం జరిగిందో చూడండి. ల్యాబుల నుంచి వచ్చే పాజిటివ్ ఫలితాలను అక్కడి ప్రజారోగ్య సంస్థ పాతకాలపు ఎక్సెల్ ఫైల్లోకి ఎక్కించేది. ఆ పాత ఫైల్లో 65,536 వరసలకు మించి పట్టవు. వరసలు నిండిపోయాయి. మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 కేసులు లెక్కలోకి రాలేదు. ఆ రోగులకు మీకు కరోనా ఉందని చెప్పనైతే చెప్పారు. వాళ్లతో కలిసి తిరిగినవాళ్లను వెతకాల్సిన బృందాలకు మాత్రం ఆ పేర్లు అందలేదు. వైద్యానికి పేరుపడ్డ దేశం, డబ్బుకు కొదవలేదు. రెండు కంప్యూటర్ల మధ్య పెట్టిన ఒక్క పాత ఫైలు కొంప ముంచింది.

యంత్రం కంటే గట్టి అడ్డంకి మనిషి మనసులో ఉంది. మా జిల్లాలో కేసులు ఎక్కువ చూపిస్తే మెమో వస్తుందేమో అన్న భయం కింది ఉద్యోగిది. మా ఆసుపత్రి పేరు పేపర్లో వస్తే జనం రారేమో అన్న భయం ప్రైవేటు యాజమాన్యానిది. మా రాష్ట్రం పరువు, మా దేశం వ్యాపారం అన్న లెక్కలు పైవాళ్లవి. నిజానికి ఎక్కువ కేసులు నమోదైన జిల్లా అంటే చాలాసార్లు కళ్లు తెరుచుకుని చూస్తున్న జిల్లా అన్నమాట. చూసినందుకు శిక్షిస్తే ఇంకోసారి ఎవరూ చూడరు.

ఈ భయాలన్నిటినీ దాటి పనిచేస్తే ఏం సాధించవచ్చో 2003లో సార్స్ చూపించింది. వియత్నాంలోని హనోయిలో కార్లో ఉర్బానీ అనే ఇటలీ డాక్టరు ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున పనిచేసేవారు. అక్కడి ఒక ఆసుపత్రిలో చేరిన రోగిని చూసి ఇది మామూలు న్యుమోనియా కాదని ఫిబ్రవరి ఆఖరున కబురు పంపారు. ప్రపంచం మేల్కొన్నది. అదే జబ్బు సోకి మార్చి 29న ఆయన కన్నుమూశారు.

ఆయన కబురు అందాక మార్చి 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లోని 11 ల్యాబులను ఒక కట్టుగా కట్టింది. మామూలు రోజుల్లో ఇవి ఒకదానితో ఒకటి పోటీపడే ల్యాబులు. ఎవరు ముందు కనిపెడితే వారిదే పేరు. అలాంటివాళ్లు రోజూ ఫోన్ మీద కలిసేవారు. తాళం ఉన్న ఒక వెబ్‌సైట్‌లో తమ మైక్రోస్కోపు చిత్రాలు, పరీక్షా ఫలితాలు, జన్యుక్రమం ముక్కలు ఏ రోజువి ఆ రోజు పెట్టేవారు. ఆ కట్టులో ఉన్నవాళ్లకు తప్ప బయటివాళ్లకు అందులో ప్రవేశం లేదు. ఒకరు చూసింది ఇంకొకరు సరిచూసేవారు. ఏప్రిల్ 16న, సరిగ్గా నెల రోజులకు, ఇదొక కొత్త కరోనావైరస్ అని ప్రకటించగలిగారు.

ఆ శాస్త్రవేత్తలు అంత ధైర్యంగా సగం సగం ఫలితాలు కూడా ఎలా బయటపెట్టారు? ఆ గది తలుపుకు తాళం ఉంది కాబట్టి. పెట్టింది బయటికి పోదు, తనకు రావాల్సిన పేరు ఇంకొకరు ఎత్తుకుపోరు అన్న నమ్మకం ఉంది కాబట్టి. భద్రత అనేది వేగానికి బ్రేకు అనుకుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. భద్రత ఉన్నచోటే మనుషులు మనసు విప్పుతారు, మనసు విప్పినచోటే కబురు వేగంగా నడుస్తుంది. సార్స్ తర్వాత దేశాలన్నీ కలిసి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను తిరగరాసుకున్నాయి. 2007 జూన్‌లో అవి అమలులోకి వచ్చాయి. ప్రపంచానికి ముప్పు కాగల జబ్బు తమ దగ్గర కనిపించిందని తేల్చుకున్న 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెప్పాలన్నది అందులో ముఖ్యమైన నియమం.

శాస్త్రవేత్తకు ఉన్న భయమే రోగికీ ఉంటుంది. ఇంకా ఎక్కువగా ఉంటుంది. కరోనా మొదటి రోజులు తలుచుకోండి. ఇంటి గుమ్మానికి స్టిక్కరు అంటించారు. క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల చిరునామాలతో జాబితాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. అద్దె ఇల్లు ఖాళీ చేయమన్న ఓనర్లు, పాలు పోయనన్న పాలవాళ్లు, పలకరింపు మానేసిన పక్కింటివాళ్లు. అదంతా చూసిన మనిషి తనకు జ్వరం వస్తే ఏం చేస్తాడు? మందుల షాపులో పారాసిటమాల్ కొనుక్కుని ఇంట్లో పడుకుంటాడు. ఆశా కార్యకర్త వచ్చి అడిగితే అందరం బాగున్నాం అంటాడు. ఆ మాటే ట్యాబ్‌లోకి ఎక్కుతుంది. అబద్ధం ఎంత వేగంగా ఢిల్లీ చేరితే ఏం లాభం? అధికారులు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప కరోనా రోగుల ఇళ్ల ముందు పోస్టర్లు అంటించకూడదని 2020 డిసెంబరు 9న సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది.

పేరు తీసేస్తే సరిపోతుంది కదా అంటారేమో. అక్కడా జాగ్రత్త కావాలి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1990లలో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. ఎవరికీ ఏమీ తెలియదు, భయం లేదు అన్నారు. లటన్యా స్వీనీ అనే విద్యార్థిని 20 డాలర్లు పెట్టి ఊరి ఓటర్ల జాబితా కొన్నది. రెండూ పక్కన పెట్టుకుని పుట్టిన తేదీ, ఆడ మగ, పిన్‌కోడ్ లాంటి జిప్‌కోడ్ సరిచూసింది. గవర్నరు విలియం వెల్డ్ ఆసుపత్రి రికార్డు ఇదేనని పట్టేసింది. అమెరికా జనాభాలో 87 శాతం మందిని ఈ మూడు వివరాలతోనే పోల్చుకోవచ్చని ఆమె తర్వాత లెక్క తేల్చింది.

అంత పెద్ద దేశంలోనే అలా ఉంటే, మన గూడేల సంగతేమిటి? అరవై గడపల ఊరు, ముప్పై నాలుగేళ్ల మహిళ, టీబీ పాజిటివ్ అని రాస్తే చాలు, పేరు రాయక్కర్లేదు. ఊరంతటికీ తెలిసిపోతుంది ఎవరో. అందుకే కింది స్థాయి లెక్కలు పైకి పోయేకొద్దీ వివరం తగ్గాలి. వైద్యం చేసే డాక్టరుకు పేరు కావాలి. ఇంటికెళ్లి మందులు ఇచ్చే ఆశకు ఇల్లు కావాలి. ఇందాకటి నీటి ఇంజినీరుకు వీధి చాలు. జిల్లా అధికారికి ఊరు, వయసు వర్గం చాలు. రాష్ట్రానికి మండలం వారీ అంకె చాలు. టీవీకి జిల్లా అంకె చాలు. ఒక్కరో ఇద్దరో ఉన్నచోట అంకె కూడా చెప్పకుండా, అయిదుగురి లోపు అని ఊరుకోవాలి.

అసలు పేరే లేకుండా పని జరిగిన సందర్భమూ మన హైదరాబాద్‌లోనే ఉంది. 2020 ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరంలోని మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీశారు. మురుగులో వైరస్ జన్యుపదార్థం ఎంత ఉందో కొలిచి, అంతకుముందు 35 రోజుల్లో నగరంలో సుమారు 6.6 లక్షల మందికి కరోనా సోకి ఉండవచ్చని అంచనా వేశారు. ఏ ఇంటి తలుపూ తట్టలేదు, ఏ ఫోన్ నంబరూ అడగలేదు. నగరం పరిస్థితి తెలిసింది, ఒక్కరి గుట్టూ బయటపడలేదు.

ఇక పేరుతో సహా పంపక తప్పని చోట్ల ఏం చేయాలి? సమాచారం దారిలో ఉన్నంతసేపూ ఎన్‌క్రిప్షన్‌లో ఉండాలి. అంటే మోసుకెళ్లే పోస్ట్‌మన్ విప్పినా చదవలేని ఉత్తరం అన్నమాట. చేరాక, ఎవరి హోదాకు తగ్గట్టు వారికి అంతవరకే తెరుచుకోవాలి. ఆఫీసంతటికీ ఒకే పాస్‌వర్డు, అదీ మానిటర్ అంచున కాగితం మీద రాసి అంటించి పెట్టడం మన కార్యాలయాల్లో కొత్త దృశ్యం కాదు. ఆ అలవాటు పోవాలి. ఎవరు, ఏ రోజు, ఏ గంటకు, ఎవరి రికార్డు తెరిచారో చెరపడానికి వీల్లేని విధంగా నమోదు కావాలి. దొంగ ఎప్పుడూ బయటినుంచే రాడు. సింగపూర్‌లో 14,200 మంది హెచ్ఐవీ రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు ఇంటర్నెట్‌లో బయటపడ్డాయని 2019 జనవరిలో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఆ జాబితా చూసే అధికారం ఉన్నవారి చేతి మీదుగానే అది బయటికి పోయింది.

బయటి దొంగలూ తక్కువ తినలేదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగింది. ఫైళ్లన్నిటికీ దుండగులు తమ తాళం వేసేశారు. దేశంలోని అతిపెద్ద ఆసుపత్రుల్లో ఒకటైన ఎయిమ్స్‌లో ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు చాలా రోజులు చేతిరాతతో నడిచాయి. నెట్‌వర్క్‌ను విడివిడి గదులుగా సరిగ్గా విభజించకపోవడం ఒక కారణమని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. కాపీలు వేరేచోట భద్రంగా ఉండబట్టి డేటా తిరిగి దక్కింది. ఒక గదిలో దొంగ పడితే ఇల్లంతా పోకుండా గోడలు కట్టుకోవడం, ఒక కాపీ విడిగా దాచుకోవడం జిల్లా ఆసుపత్రికీ వర్తించే పాఠాలే.

చట్టం ఏమంటోంది? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. ఆ తీర్పులో ఆసుపత్రి రికార్డుల ప్రస్తావన కూడా ఉంది. రోగి రికార్డు అనుమతి లేకుండా బయటికివ్వడం గోప్యతకు భంగమే. అయితే మలేరియా, డెంగీ లాంటివాటిని ఎదుర్కోవడానికి, మనిషి ఎవరో తెలియకుండా జాగ్రత్తపడి ఆ సమాచారాన్ని ప్రభుత్వం విశ్లేషించడం సబబేనని అందులో ఉంది. అదే ఏడాది వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం రోగి పరిస్థితిని వెల్లడించడాన్ని కట్టడి చేసింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం అంటువ్యాధి ప్రబలినప్పుడు వైద్యం కోసం, ప్రజారోగ్యం కోసం సమాచారం వాడుకోవడానికి వీలు కల్పించింది. చట్టాలు దారి చూపించాయి. ఆ దారిలో నడవాల్సింది మన కార్యాలయాలు, మన ఆసుపత్రులు.

చివరగా మూడు విన్నపాలు. ప్రైవేటు డాక్టర్లకు, ల్యాబులకు: టీబీ కేసు ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి తప్పనిసరి. డెంగీ అయినా కలరా అయినా మీ దగ్గర తేలిన సంగతి ఆ రోజే చేరవేయండి, మీ ఒక్క కబురు ఒక వీధిని కాపాడవచ్చు. అధికారులకు: కేసులు చూపించిన ఉద్యోగిని నిలదీయకండి, దాచినవాళ్లను నిలదీయండి. సమాచారం అడిగేముందు ఇందులో నాకు పేరు నిజంగా అవసరమా అని ఒక్కసారి ఆలోచించండి. శ్రోతలకు: ఆశా కార్యకర్త గుమ్మంలోకి వచ్చి ఇంట్లో ఎవరికైనా జ్వరమా అని అడిగితే నిజం చెప్పండి. ఈ వివరం ఎవరు చూస్తారు అని అడిగే హక్కు మీకుంది, అడగండి. రోగుల పేర్లున్న జాబితా ఏదైనా మీ ఫోన్‌కు వస్తే ఇంకొకరికి పంపకండి, అక్కడికక్కడే తీసేయండి. జబ్బు సంగతి దాచకండి, జబ్బుపడ్డ మనిషి పేరు బయటపెట్టకండి.